పేరును చెక్క మీద చెక్కించుకున్నాను: రెమ్స్ లోయలోని ఒక చిన్న వర్క్‌షాప్ గురించి

మా ఎదురింట్లో ఈ మార్చిలో మగపిల్లాడు పుట్టాడు. పేరు కొన్‌రాట్. రాసేటప్పుడు చివర ‘డి’ అక్షరమే రాస్తారు కానీ, జర్మన్‌లో మాట చివర వచ్చే ఆ అక్షరాన్ని ‘ట్’ అనే పలుకుతారు. జూన్‌లో చర్చిలో బాప్టిజం పెట్టుకుని మమ్మల్నీ పిలిచారు. మేం ఉండేది షోర్న్‌డోర్ఫ్‌లో. స్టుట్‌గార్ట్‌కు తూర్పున, రెమ్స్ నది లోయలో ఉన్న ఊరు. నాకు కాన్పు అయినప్పుడు మా అమ్మ ఖమ్మం నుంచి రావడం ఆలస్యమైతే, ఆ పది రోజులూ ఎదురింటి ఓమా రోజూ గిన్నెలో వేడి సూప్ తెచ్చి, పాపను కాసేపు ఎత్తుకుని, నన్ను పడుకోమనేది. ఓమా అంటే నాయనమ్మ, అమ్మమ్మ ఇద్దరికీ ఇక్కడ ఒకటే మాట. అలాంటి ఇంట్లో పుట్టిన బిడ్డకు ఏదో ఒక బొమ్మ కొని చేతిలో పెట్టాలనిపించలేదు. ఆ పేరునే కానుకగా ఇవ్వాలనుకున్నాను.

మొదట ఆన్‌లైన్‌లో ఒక కప్పు ఆర్డర్ చేశాను. పేరు, దాని కింద అర్థం ప్రింట్ చేసి పంపే దుకాణం. 19 యూరోలు. వచ్చాక విప్పి చూస్తే పేరు ‘కె’తో కాకుండా ‘సి’తో మొదలైంది. అర్థం ‘తెలివైన రాజు’ అట, మూలం లాటిన్ అట. రెండూ తప్పే. రెండు స్పెల్లింగులూ ఒకటేనని, పేరు వేసిన వస్తువు వెనక్కి తీసుకోమని జవాబిచ్చారు. స్పెల్లింగుల విషయంలో వాళ్లు చెప్పింది సగం నిజం. ఎక్స్-రేలు కనిపెట్టి 1901లో మొట్టమొదటి ఫిజిక్స్ నోబెల్ అందుకున్న విల్‌హెల్మ్ కొన్‌రాట్ రాంట్‌జెన్ తన పేరును ‘సి’తోనే రాసుకున్నాడు. కానీ ఈ బిడ్డ పేరు జనన రిజిస్టర్‌లో ‘కె’తో ఎక్కింది. ఇక్కడ పేరు రాయించడం చిన్న విషయం కాదు. మా పాప పేరు రాయించినప్పుడు అక్షరం అక్షరం వేలు పెట్టి చూపించి, సంతకం చేయించుకున్నారు. ఒకప్పుడైతే పేరు చూడగానే ఆడో మగో తెలియాలని కూడా పట్టుబట్టేవాళ్లు. ‘కిరణ్’ అని పేరు పెట్టిన ఒక ఆడపిల్ల విషయంలో వ్యవహారం రాజ్యాంగ న్యాయస్థానం దాకా వెళ్లింది. ఆ పేరు పెట్టుకోవచ్చని 2008 డిసెంబర్‌లో తీర్పు వచ్చింది. మనవాళ్లలో అటు అబ్బాయిలకూ ఇటు అమ్మాయిలకూ ఉండే పేరు కదా అని, ఆ సంగతి విన్నప్పుడు నాకు ఎంతో దగ్గరగా అనిపించింది. అంత జాగ్రత్తగా రాయించిన పేరును కప్పు మీద తప్పుగా ఇవ్వడానికి నాకు మనసొప్పలేదు.

ఆఫీసులో ఒకావిడ చెబితే ఈ వర్క్‌షాప్‌కు వెళ్లాను. పక్క ఊళ్లో, ద్రాక్షతోటల కింద, పాత పశువుల కొట్టాన్ని బాగుచేసి పెట్టుకున్న చోటు. భార్యాభర్తలిద్దరే. ఆయన చెక్క పని చేస్తాడు. ఆవిడ లైబ్రరీలో పనిచేసి రిటైరైంది, పేర్ల గురించి రాసిస్తుంది. వాళ్లు ఇచ్చేది రెండు వస్తువులు: పేరు చెక్కిన పలక, దానితోపాటు ఎనిమిది పేజీల చిన్న పుస్తకం. నేను తీసుకున్న పలక 42 సెంటీమీటర్ల పొడవు, 15 వెడల్పు. 74 యూరోలు. పుస్తకానికి 22. పలక ఒక్కటే కూడా తీసుకోవచ్చు. కానీ పుస్తకం లేకుండా తీసుకోవద్దని నా మాట. ఎందుకో చెబుతాను.

లోపలికి వెళ్లగానే ఆవిడ పెన్సిల్, కాగితం తీసి మూడు ప్రశ్నలు అడిగింది. పేరు ఏమిటి, ఏ అక్షరాలతో రాయించారు, ఎవరి పేరు పెట్టారు. మొదటి రెండింటికీ జవాబు చెప్పాను. మూడోది వినగానే నాకు గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది.

బిడ్డ పుట్టిన వారానికి నేనే ఓమాను అదే ప్రశ్న అడిగాను. మన ఇళ్లలో తాత పేరు మనవడికి పెట్టుకుంటాం. మా అన్నయ్యది మా తాతయ్య పేరే. ఆ అలవాటుతో, “తాతగారి పేరు పెట్టలేదా మీరు?” అనేశాను. ఓమా భర్త పోయి రెండేళ్లయింది. ఆయన పేరు కుర్ట్. ఓమా కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, “కుర్ట్ పాతకాలం పేరమ్మా. ఇప్పుడెవరు పెడతారు? వాళ్లకు నచ్చింది పెట్టుకున్నారు” అంది. అలా అని సూప్ గిన్నె కడగడానికి లేచింది. నేను అడగకుండా ఉండాల్సింది అనుకుంటూ ఆ రాత్రంతా బాధపడ్డాను.

ఈ సంగతి వర్క్‌షాప్‌లో ఆవిడకు చెప్పాను. ఆవిడ పెన్సిల్ పక్కన పెట్టి నా వైపు చూసి, “పెట్టారు కదా!” అంది. “కుర్ట్ అంటే కొన్‌రాటే. ముద్దుగా పిలిచీ పిలిచీ పొట్టిదైపోయిన కొన్‌రాట్.”

మన వెంకటేశ్వర్లు ఎంకన్న అయినట్టు, సుబ్రహ్మణ్యం సుబ్బన్న అయినట్టు. మొదట్లో ఇంట్లో పిలుచుకునే పేరు, పోనుపోను రిజిస్టర్‌లో ఎక్కే అసలు పేరైపోయింది. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో జర్మనీలో కుర్ట్‌లు వీధికొకరు ఉండేవారు. వాళ్లలో తమ పేరు వెనక కొన్‌రాట్ ఉన్నాడని తెలిసినవాళ్లు కొద్దిమందేనట. ఓమాకూ తెలియదు. కొడుకు, కోడలు కూడా చెవికి బాగుందని పెట్టారే తప్ప తెలిసి పెట్టలేదు. ఆ కుర్చీలో కూర్చుని నేను ఆవిడకు రెండుసార్లు థాంక్స్ చెప్పాను.

తర్వాత ఆవిడ కాగితం మీద పేరు రాసి మధ్యలో గీత గీసింది. ‘కొన్’ ఒకవైపు, ‘రాట్’ ఒకవైపు. వెయ్యేళ్ల కిందటి జర్మన్‌లో దీన్ని ‘కువోన్‌రాట్’ అనేవారు. ‘కువోని’ అంటే ధైర్యం గలవాడు. ఇప్పటి జర్మన్‌లో ‘క్యూన్’ అనే మాటగా ఇంకా ఉంది. ‘రాట్’ అంటే ఆలోచన చెప్పడం, సలహా. ఈ రెండో ముక్కను ఇక్కడ ఉండే మనవాళ్లు తెలియకుండానే రోజూ చూస్తారు. ఊరి మధ్యలో గడియారం ఉన్న మున్సిపాలిటీ భవనం మీద ‘రాట్‌హౌస్’ అని ఉంటుంది: కూర్చుని ఆలోచన చేసే ఇల్లు. అద్దెకు ఇల్లు తీసుకోగానే సామాన్లకు చేయించే ‘హౌస్‌రాట్’ ఇన్సూరెన్స్‌లో ఉన్నదీ ఇదే రాట్. ‘రాట్’ అనే మాటకు మొదట్లో బతకడానికి కావలసిన సరంజామా, ఆసరా అనే అర్థం ఉండేది. తర్వాత్తర్వాత మాటసాయం కూడా అందులో చేరింది. పెళ్లికి జర్మన్‌లో ‘హైరాట్’ అంటారు, అందులోనూ ఇదే ముక్క. ఆరేళ్లుగా ఈ మాటలన్నీ వాడుతున్నాను. వీటన్నిటికీ చుట్టరికం ఉందని ఆ రోజే తెలిసింది.

నాకు బాగా నచ్చింది ఇంకోటి ఉంది. పలక మీద పేరు కింద ‘ధైర్యంగా ఆలోచన చెప్పేవాడు’ అని ఒక వాక్యం చెక్కమని అడిగితే, ఆవిడ ఒప్పుకోలేదు. పాత జర్మన్ పేర్లలో చాలావరకు రెండు ముక్కల పేర్లే. హైన్‌రిష్‌లో ఇల్లు, ఏలిక ఉన్నాయి. లూడ్‌విగ్‌లో కీర్తి, యుద్ధం. ఫ్రీడ్‌రిష్‌లో శాంతి, ఏలిక. విల్‌హెల్మ్‌లో సంకల్పం, శిరస్త్రాణం. తండ్రి పేరులోంచి ఒక ముక్క, తల్లి పేరులోంచి ఒక ముక్క తీసి బిడ్డకు కలిపి పెట్టిన ఇళ్లు ఉండేవి. అందుకని రెండు ముక్కలనూ కుట్టి వాక్యంగా చదివితే ఎప్పుడూ అర్థం కుదరదు. “రెండు మాటలూ పక్కపక్కన పెడతాను, మధ్యలో ఖాళీ వదులుతాను. ఆ ఖాళీని ఆ పిల్లాడు నింపుకుంటాడు” అంది. కప్పు అమ్మిన దుకాణం లేని రాజును తెచ్చి అర్థంలో కూర్చోబెట్టింది. ఈవిడ ఉన్నదానికి ఒక్క అక్షరం కూడా ఎక్కువ చెప్పనంది. నేను పెట్టిన డబ్బుకు అసలు విలువ అక్కడే కనిపించింది.

అక్షరాల ఎంపికలో కూడా మంచి సలహా ఇచ్చారు. పాత జర్మన్ పుస్తకాల్లో ఉండే ఫ్రాక్టూర్ లిపిలో చెక్కించాలని నాకు సరదా. కానీ ఆ లిపిలో ‘కె’ పెద్దక్షరం ఇప్పటివాళ్ల కంటికి ‘ఆర్’లా కనిపిస్తుంది. పిల్లాడి స్నేహితులు వచ్చి రొన్‌రాట్ అని చదువుతారని ఆయన సుద్దముక్కతో రాసి చూపించాడు. మామూలు అక్షరాలే ఖాయం చేశాం.

ఇక పుస్తకం. ఎనిమిది పేజీలూ ఒకే స్థాయిలో లేవు. రాజుల పేజీలు చాలా బాగున్నాయి. మొదటి కొన్‌రాట్ 911లో జర్మన్ల రాజ్యానికి రాజయ్యాడు. ఏడేళ్లు పాలించి, 918లో చావు మంచం మీద ఉండగా తమ్ముణ్ని పిలిచి, రాజచిహ్నాలు తీసుకెళ్లి తనకు బద్ధవిరోధి అయిన సాక్సనీ హైన్‌రిష్‌కు ఇవ్వమన్నాడని ఆ శతాబ్దంలోనే ఒక చరిత్రకారుడు రాశాడు. దేశాన్ని నిలబెట్టగల శక్తి మనకు లేదు, అతనికి ఉంది అని. తమ్ముడు అలాగే చేశాడు. మరుసటి ఏడు హైన్‌రిష్ రాజయ్యాడు. పేరులోని రెండు ముక్కలకూ ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. సొంత ఇంటిని కాదని శత్రువుకు కిరీటం ఇమ్మని చెప్పడానికి ధైర్యమూ కావాలి, ఆలోచనా కావాలి.

రెండో కొన్‌రాట్ దగ్గర ఒక పడవ కథ ఉంది. 1024లో ముందు రాజు చనిపోగానే, ఆయన ఏలుబడిలోనే ఉన్న ఇటలీలోని పావియా ఊరివాళ్లు అక్కడి రాజభవనాన్ని కూలగొట్టారు. రాజే లేనప్పుడు అది ఎవరి ఇల్లని వాదించారు. కొత్తగా రాజైన కొన్‌రాట్ వాళ్లకు చెప్పాడు: రాజు పోయినా రాజ్యం ఉంటుంది, చుక్కాని పట్టేవాడు పడిపోయినా పడవ ఉన్నట్టు. ష్పైయర్‌లోని పెద్ద చర్చి కట్టడం మొదలుపెట్టించింది ఈయనే, సమాధి కూడా అక్కడే. నేను రెండేళ్ల కిందట ఆ చర్చికి వెళ్లి, ఫొటోలు తీసుకుని వచ్చేశాను. ఈ కథ అప్పుడే తెలిసి ఉంటే ఆ సమాధి దగ్గర ఇంకాసేపు నిలబడేదాన్ని.

మూడో కొన్‌రాట్ మా ప్రాంతం వాడు. 1138లో రాజైన ఈయనది ష్టౌఫర్ వంశం. వాళ్ల కోట ఉన్న హోహెన్‌ష్టౌఫెన్ కొండ మా ఊరికి ఇరవై కిలోమీటర్ల లోపే. 1140లో ఈయన వైన్స్‌బెర్గ్ కోటను ముట్టడించాడు. లోపలున్నవాళ్లు లొంగిపోయారు. ఆడవాళ్లను వదిలేస్తానని, ఎవరు వీపు మీద ఎంత మోయగలిగితే అంత తీసుకెళ్లొచ్చని రాజు మాట ఇచ్చాడు. తలుపులు తెరుచుకున్నాయి. ఆడవాళ్లు నగలూ బట్టలూ వదిలేసి, మొగుళ్లను వీపున వేసుకుని కొండ దిగి వచ్చారు. ఇది మోసం, ఒప్పుకోవద్దని రాజు పక్కనున్న డ్యూక్ అడ్డం తిరిగాడు. రాజు ఇచ్చిన మాట మారదని కొన్‌రాట్ అందరినీ వెళ్లనిచ్చాడు. కొలోన్‌లో రాసిన పాత చరిత్రలో ఈ కథ ఉంది. ఆ శిథిలాన్ని ఈరోజుకీ ‘వైబర్‌ట్రాయ్’ అంటారు, భార్యల విశ్వాసం అని. ఊళ్లో అందరూ ఆ ఆడవాళ్ల తెలివిని మెచ్చుకుంటారు. మెచ్చుకోవాల్సిందే. నేను మాత్రం ఈ పేజీ చదివాక, గెలిచి కూడా మాట మీద నిలబడిన ఆ మనిషి గురించే ఎక్కువసేపు ఆలోచించాను.

అదే వంశంలో చివరివాడు కొన్‌రాడిన్, అంటే చిన్న కొన్‌రాట్. తాతలనాటి సిసిలీ రాజ్యం కోసం ఆల్ప్స్ దాటి వెళ్లి, ఓడిపోయి, 1268 అక్టోబర్ 29న నేపుల్స్‌లో తల నరికించుకున్నాడు. అప్పటికి పదహారేళ్లు. పసిబిడ్డ బాప్టిజానికి ఇచ్చే పుస్తకంలో ఈ పేజీ అవసరమా అని అడిగాను. “పేరు చరిత్ర అడిగారు కదా, మంచి సగమే ఇవ్వమంటారా?” అని ఆవిడ మెల్లగా అంది. ఆలోచించి, ఉంచమన్నాను.

నాలుగో పేజీ నాకు ప్రాణం. రాజుల పేర్లు కాబట్టి జనం కూడా పిల్లలకు హైన్‌రిష్ అనీ కొన్‌రాట్ అనీ పెట్టుకుంటూ పోయారు. ఏ వీధిలో పిలిచినా నలుగురు పలికేవాళ్లు. హైన్‌రిష్‌కు పొట్టి పేరు హిన్ట్స్. కొన్‌రాట్‌కు కున్ట్స్. జర్మన్‌లో ఇప్పటికీ ‘హిన్ట్స్ ఉంట్ కున్ట్స్’ అంటే, మన ‘ఎల్లయ్య, పుల్లయ్య’ అన్నట్టే, ఎవరైనా సరే, దారినపోయే ప్రతివాడూ అని. ఒకరి తర్వాత ఒకరు సింహాసనం ఎక్కిన ఇద్దరు విరోధుల పేర్లు చివరికి ఊళ్లో ఎల్లయ్య పుల్లయ్యలైపోయాయి. కిరీటంలోంచి దిగి మట్టిలో కలిసిన పేరు. అందుకే ఈ పేరంటే నాకు అభిమానం పెరిగింది.

ఆ మట్టి కూడా మా లోయలోదే. 1514లో ఈ ప్రాంతాన్ని ఏలిన వ్యుర్టెంబెర్గ్ డ్యూక్ ఉల్రిష్ అప్పుల్లో మునిగి, మాంసం, పిండి, ద్రాక్షసారా మీద పన్ను వేశాడు. పన్ను వసూలు చేసిన పద్ధతి ఏమిటంటే, తూకం రాళ్లను తగ్గించేశాడు. ధర అదే, సరుకు తక్కువ. బోయ్‌టెల్స్‌బాఖ్ ఊళ్లో గైస్‌పేటర్ అనే అతను ఆ కొత్త రాళ్లు తీసుకుని, జనంతో కలిసి రెమ్స్ నది దగ్గరికి వెళ్లాడు. డ్యూక్ చెప్పింది న్యాయమైతే రాళ్లు తేలాలి, రైతుల మాట న్యాయమైతే మునగాలి అని నీళ్లలోకి విసిరాడు. మునిగాయి. ఆ తిరుగుబాటు పేరు ‘ఆర్మెర్ కొన్‌రాట్’, పేద కొన్‌రాట్ అని. గడి మీద ఉన్నవాళ్లు పల్లెవాళ్లను ఎగతాళిగా పిలిచే మాటను రైతులు తమ జెండా పేరుగా పెట్టుకున్నారు. అణిచేశారు. మా షోర్న్‌డోర్ఫ్‌లోనే కొందరి తలలు తీశారు. నేను రోజూ సాయంత్రం పాపను తోపుడుబండిలో తిప్పే దారి ఆ నది ఒడ్డునే. రాళ్లు మునిగిన నీళ్లు అవేనని తెలిశాక ఆ దారి నాకు కొత్తగా కనిపిస్తోంది.

ఇక్కడిదాకా పుస్తకానికి నేను పూర్తి మార్కులు వేస్తాను. చివరి పేజీలు అలా లేవు. ప్రసిద్ధుల పేర్లన్నీ ఒకే పేజీలో ఇరికించారు. కొన్‌రాట్ త్సూజెకు రెండే లైన్లు! నేను సాఫ్ట్‌వేర్ పని చేస్తాను కాబట్టి నాకు ఇది గట్టిగానే తగిలింది. 1941 మేలో బెర్లిన్‌లో ఆయన చూపించిన జెడ్3 యంత్రం, ప్రోగ్రామ్ ఇస్తే దానంతటదే లెక్క చేసిన మొదటి కంప్యూటర్. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీల్లో వాడే రిలేలతో కట్టాడు. మొదటి యంత్రాన్నయితే అమ్మానాన్నల ఇంటి హాల్లోనే కట్టుకున్నాడు. యుద్ధంలో బాంబులు పడి జెడ్3 పోయింది. తర్వాత మళ్లీ కట్టించిన నమూనా మ్యూనిక్‌లోని డాయిచెస్ మ్యూజియానికి చేరింది. ఇప్పటి పిల్లాడికి రాజుల కన్నా ఈ కొన్‌రాట్ దగ్గరవాడు, ఇంకో పేజీ ఇవ్వండి అని చెప్పాను. ఆవిడ రాసుకుంది.

స్పెల్లింగ్ నిఘంటువుతో జర్మన్లందరి ఇళ్లలోకీ వచ్చిన కొన్‌రాట్ డూడెన్ గురించి మాత్రం చక్కగా రాశారు. 1880లో దాదాపు 27,000 మాటలతో మొదలైన పుస్తకం అది. ఇప్పుడు ‘డూడెన్‌లో చూడు’ అంటే సరైన అక్షరాలు చూసుకో అనే అర్థం. తప్పు స్పెల్లింగ్ కప్పు ఇంట్లో పెట్టుకుని ఈ పేజీ చదవడం నాకు మరీ అనిపించింది.

కొన్‌రాట్ అడెనావర్‌కు అరపేజీ ఉంది. యుద్ధం తర్వాత పశ్చిమ జర్మనీ మొదటి చాన్సలర్, 1949 నుంచి 1963 దాకా. 73 ఏళ్ల వయసులో, సరిగ్గా కావలసినన్ని ఓట్లతో, 202తో నెగ్గాడు. ఆయనకు ఎదురు నిలిచిన సోషల్ డెమొక్రాట్ల నాయకుడి పేరు కుర్ట్ షూమాఖర్. కొన్‌రాట్, కుర్ట్. ఒకే పేరు రెండు వైపులా నిలబడి కొత్త దేశపు తొలి ఎన్నికలో పోటీపడింది. పుస్తకంలో ఈ ముక్క లేదు. నేనే గమనించి చెబితే ఆవిడ ముఖం వెలిగిపోయింది. వచ్చే ప్రతిలో చేరుస్తానంది.

పేరు రోజు అంటే, అదే పేరున్న సెయింట్‌ను తలుచుకునే రోజు. దాని కింద నవంబర్ 26 ఒక్కటే వేశారు. అది పదో శతాబ్దంలో కొన్‌స్టాన్స్ బిషప్‌గా ఉన్న సెయింట్ కొన్‌రాట్ రోజు. బవేరియాలో అందరికీ ఇష్టమైన కొన్‌రాట్ వేరే ఉన్నాడు. పార్త్‌సామ్ అనే పల్లెలో పుట్టి, ఆల్ట్‌యోటింగ్ మఠంలో 41 ఏళ్లు తలుపు దగ్గర కూర్చుని, వచ్చిన యాత్రికుడికల్లా తలుపు తీసి, పేదలకు రొట్టె పెట్టిన సన్యాసి. 1934లో ఆయన్ని సెయింట్‌గా ప్రకటించారు. ఆయన రోజు ఏప్రిల్ 21. మాది ప్రొటెస్టెంట్ల ప్రాంతం, పేరు రోజులు పెద్దగా పట్టించుకోరు కాబట్టి వదిలేశామన్నారు. తలుపు తీయడమే జీవితమంతా చేసిన మనిషికి ఒక లైనైనా ఉండాలని నేను ఇప్పటికీ అంటాను.

పలక పనితనం గురించి. బేరి చెట్టు చెక్క, ఈ లోయలోనే పెరిగిన చెట్టుదట. లేత ఎరుపు రంగు, ఈనెలు కనిపించనంత నున్నటి చెక్క. చేత్తో చిత్రిక పట్టి, ఉలితో అక్షరాలు చెక్కి, అవిసె నూనె పట్టించారు. మెషిన్‌తో కాల్చి రాసిన అక్షరాలకు అంచు నల్లగా మాడి ఉంటుంది. వీటికి అలా లేదు. వేలు పెట్టి తడిమితే లోతు ఒకటే రకంగా తగులుతుంది. ఆయన ఆ ‘ఆర్’ తోకను ఎంత సన్నగా తీశాడో చెప్పలేను. ఒక లోపం ఉంది: వెనకాల గోడకు తగిలించే కొక్కెం పలుచటి రేకుది. ఇంత బరువున్న పలకకు అది చాలదు. మావారు రెండు గట్టి స్క్రూలు కొని మార్చారు. 74 యూరోల వస్తువుకు ఆ పని మనం చేసుకోవాల్సి రాకూడదు. కార్డు తీసుకోరు, నగదే. చెప్పిన మూడు వారాలకు ఇంకో నాలుగు రోజులు పట్టింది. బాప్టిజం దగ్గర పడుతుంటే నాకు కొంచెం టెన్షన్ అయింది, ఫోన్ చేస్తే మాత్రం ఓపికగా మాట్లాడారు. పుస్తకం జర్మన్‌లోనే ఉంటుంది. భాష ఇంకా రానివాళ్లు ముందే చెబితే, ఆవిడ కూర్చోబెట్టి మెల్లగా చదివి వినిపిస్తుంది.

బాప్టిజానికి ముందు రోజు సాయంత్రం పలక, పుస్తకం తీసుకుని ఎదురింటికి వెళ్లాను. అందరూ పలక చుట్టూ మూగారు. ఓమా కళ్లజోడు పెట్టుకుని పుస్తకం తీసుకుంది. పొట్టి పేర్ల పేజీ నేనే తీసి ఇచ్చాను. కున్ట్స్, కుర్ట్ అని పైకి చదివి ఆగింది. మళ్లీ చదివింది. కొడుకు వైపు చూసి, “నీకు తెలుసా?” అంది. తెలియదని అతను తల ఊపాడు. ఓమా ఉయ్యాల దగ్గరికి వెళ్లి, బిడ్డ కాలు పట్టుకుని, “కుర్ట్‌లే” అంది. ఈ ప్రాంతంలో పేరు చివర ‘లే’ చేరిస్తే ముద్దు. రెండేళ్ల తర్వాత ఆ ఇంట్లో ఆ పేరుతో ఒకరిని పిలవడం నేను విన్నాను.

మర్నాడు చర్చి నుంచి వచ్చాక ఓమా నన్ను పక్కకు పిలిచి, పలక వెనకాల ఆ పేరు కూడా చెక్కుతారా అని అడిగింది. సోమవారం నేనే తీసుకెళ్లాను. నాలుగు అక్షరాలకు 9 యూరోలు తీసుకున్నారు, నేను అక్కడ కూర్చుని ఉండగానే చెక్కి ఇచ్చారు. మీలో ఎవరికైనా వెనకాల ఇంకో పేరు కావాలంటే ఆర్డర్ ఇచ్చేటప్పుడే చెప్పండి. నూనె పట్టించాక చెక్కితే ఆ అక్షరాలు తెల్లగా, పచ్చి చెక్కలా కనిపిస్తాయి. నూనె రాస్తే రంగు కలిసిపోతుందని ఆయన చిన్న సీసా కూడా ఇచ్చాడు. ఓమా దాన్ని అల్మరాలో పెట్టేసింది. ఆ నాలుగు అక్షరాలూ అలాగే తెల్లగా ఉండనిమ్మంది.